నైట్రో పొగలో ఒక శనివారం

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్‌కి టికెట్ కొన్నారనుకోండి. ఆ టికెట్ చూపించి డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లి, కోహ్లి ప్యాడ్లు కట్టుకుంటుంటే పక్కన నిలబడి చూడగలరా? ఆ కారిడార్ దరిదాపులకి కూడా పోనివ్వరు. అమెరికాలో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ జరిపే పెద్ద డ్రాగ్ రేసుల్లో మాత్రం ఆ గోడే లేదు. అక్కడ ప్రతి టికెట్టూ పిట్ పాసే. చివరి వరసలో కూర్చునే సీటు కొన్నా సరే, చాంపియన్ బండిని నాలుగడుగుల దూరంలో విప్పుతుంటే చూడొచ్చు.

డ్రాగ్ రేస్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. తిన్నటి ట్రాక్, రెండు బళ్లు, పచ్చ లైటు. మలుపుల్లేవు, ల్యాపుల్లేవు. ఎవరు ముందు గీత దాటితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు బండి ట్రక్కులో ఎక్కించుకుని ఇంటికి. ఇక పిట్స్ అంటే, ఆ బళ్లను విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే మైదానం. రేసు కొన్ని సెకన్లలో అయిపోతుంది. పిట్స్ మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా నడుస్తూనే ఉంటాయి. అందుకే నాలాంటి పిచ్చోళ్లు సీట్లో కంటే అక్కడే ఎక్కువసేపు ఉంటారు.

ఎనిస్ ఎక్కడుంది?

డాలస్ నుంచి ఐ-45 మీద దక్షిణంగా ముప్పావుగంట వెళ్తే ఎనిస్ అనే చిన్న ఊరు వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో వైపు నుంచైతే గంట దాటుతుంది. ఏప్రిల్‌లో బ్లూబానెట్ పూలు చూడ్డానికి ఫ్యామిలీలన్నీ ఇటే వస్తాయి కాబట్టి ఊరి పేరు చాలామంది విన్నదే. ఒకప్పుడు చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. వాళ్ల వంటకం కొలాచీ. మెత్తటి బన్ను మధ్యలో గుంట చేసి పండ్ల గుజ్జు పెట్టి కాలుస్తారు. పొద్దున్నే రెండు తిని, కాఫీ తాగి, ఊరి బయట టెక్సస్ మోటర్‌ప్లెక్స్‌కి చేరాం.

ఈ ట్రాక్‌ని 1986లో బిల్లీ మేయర్ అనే రేసర్ కట్టించాడు. మొదటి నుంచి చివరి దాకా పావు మైలు మొత్తం కాంక్రీటుతో వేసిన మొదటి డ్రాగ్ స్ట్రిప్ ఇదే. రెండేళ్లు తిరక్కుండానే, 1988 ఏప్రిల్ 9న, ఎడ్డీ హిల్ ఇక్కడ 4.990 సెకన్లలో పావు మైలు దాటాడు. టాప్ ఫ్యూయల్ బళ్లకి ఐదు సెకన్ల గోడ మొదటిసారి బద్దలైంది ఈ ఊళ్లోనే.

నాతో వచ్చింది మా పిన్ని కొడుకు. ఎంఎస్ చేస్తున్నాడు, రెండో సెమిస్టర్. పార్ట్‌టైమ్ డబ్బులు, ఇంటినుంచి వచ్చినవి కలిపి ఒక సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ కొన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఒక రాత్రి హైవే మీద పక్క కారుతో పోటీ పడుతూ స్పీడోమీటర్ వీడియో తీసి స్టేటస్ పెట్టాడు. పిన్ని అది చూసి నాకు ఫోన్ చేసింది. "వాడు నా మాట వినడు నాన్నా, నువ్వైనా చెప్పు" అంది. నేను చెప్తే మాత్రం వింటాడా? ఇరవై మూడేళ్ల వయసులో నేనూ ఎవరి మాటా విన్నవాణ్ని కాదు. అందుకే ఏమీ చెప్పకుండా, "శనివారం ఖాళీ ఉంచుకోరా" అన్నాను అంతే.

తాడు ఇవతల మనం, అవతల ఇంజిన్

పిట్స్‌లోకి అడుగుపెడితే మొదట కనిపించేవి పెద్ద పెద్ద ట్రక్కులు. ఒక్కో ట్రక్కు పక్కన షామియానాలాంటి గుడారం, దాని కింద ఓ కదిలే వర్క్‌షాపు. నేల మీద దుమ్ము ఉండదు, స్పానర్లు ఆపరేషన్ థియేటర్‌లో కత్తుల్లా వరసగా ఉంటాయి. చుట్టూ నడుమెత్తున ఒక తాడు. ఆ తాడు ఇవతల మనం.

టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్‌ని మొదటిసారి దగ్గర్నుంచి చూస్తే నవ్వొస్తుంది. పొడవు 25 అడుగులకు పైనే. ముందు చక్రాలు సైకిల్ చక్రాల్లా సన్నగా, వెనక టైర్లు నడుము దాటే ఎత్తులో. డ్రైవర్ మధ్యలో ఇరుక్కుని కూర్చుంటాడు. అతని వీపు వెనక 8.2 లీటర్ల ఇంజిన్. మన స్ప్లెండర్ ఇంజిన్లు 84 కలిపితే అంత. పవర్ మాత్రం 84 రెట్లు కాదు, వెయ్యి రెట్లకు పైనే. 11,000 హార్స్‌పవర్ దాటుతుంది.

అంత బలం ఎక్కడిది? ఇంధనంలో ఉంది. వీటిలో పోసేది పెట్రోలు కాదు, 90 శాతం నైట్రోమీథేన్, మిగతాది మిథనాల్. పెట్రోలు మండాలంటే దాని బరువుకి దాదాపు 15 రెట్లు గాలి కావాలి. నైట్రోమీథేన్ తన ఆక్సిజన్‌లో కొంత తనే మోసుకొస్తుంది. రెండు రెట్లలోపు గాలి చాలు. అంటే అదే సిలిండర్‌లోకి ఎన్నో రెట్లు ఎక్కువ ఇంధనం దూర్చి మండించొచ్చు. ఒక్క పరుగుకి సుమారు 50 లీటర్లు తాగేస్తుంది. అదీ వెయ్యి అడుగులకి, అంటే 305 మీటర్లకి.

మేం చేరిన కాసేపటికే ఒక బండిని ట్రాక్ నుంచి లాక్కొచ్చారు. అది ఆగీ ఆగకముందే ఎనిమిది తొమ్మిది మంది మీద పడ్డారు. ఒకరు నూనె దించుతున్నారు. ఇద్దరు సూపర్‌చార్జర్ ఎత్తారు. ఆ వెంటనే సిలిండర్ హెడ్స్ ఊడాయి, పిస్టన్లు బయటికొచ్చాయి. ఒకమ్మాయి వెనక పడుకుని క్లచ్ విప్పుతోంది. ప్లేట్లు వేడికి రంగు మారిపోయి ఉన్నాయి. ఎవరూ ఎవర్నీ అరవడం లేదు. పెళ్లి వంటలో పాత వంటవాళ్ల జట్టు ఎలా ఉంటుందో అలా, ఎవరి పని వాళ్లకి తెలుసు.

"అన్నా, ఇంజిన్ పాడైందా?" అన్నాడు మావాడు.

పాడవలేదు. ప్రతి పరుగు తర్వాతా ఇంతే. నాలుగు సెకన్లలోపు నడిచిన ఇంజిన్‌ని మొత్తం విప్పి, చూసి, మార్చాల్సినవి మార్చి, గంట అటూ ఇటూగా మళ్లీ నిలబెడతారు. మావాడు ఫోన్ తీసి టైమ్ పెట్టుకున్నాడు. యాభై నాలుగు నిమిషాలకి ఇంజిన్ మళ్లీ ఇంజిన్‌లా కనిపించింది. ఆ యాభై నాలుగు నిమిషాలూ వాడు ఇన్‌స్టా తెరవలేదు.

ఎండుమిర్చి పోపు

ఆ తర్వాత అసలు ముచ్చట. బిగించిన ఇంజిన్‌ని పిట్‌లోనే ఒకసారి స్టార్ట్ చేసి చూస్తారు. దీన్ని వార్మప్ అంటారు. వెనక చక్రాలు గాల్లో ఉండేలా బండిని స్టాండ్ల మీద ఎత్తుతారు. క్రూ అంతా గ్యాస్ మాస్కులు పెట్టుకుంటారు. అది చూసి మనుషులు దూరంగా పోవాలి కదా? ఇక్కడ రివర్స్. ఎక్కడెక్కడి జనమూ పరిగెత్తుకొచ్చి తాడు చుట్టూ మూగుతారు.

ముందు సీసాతో కాస్త ఇంధనం చిమ్మి అంటిస్తారు. అప్పటిదాకా మామూలు ఇంజిన్ చప్పుడే. నైట్రో అందుకోగానే గొంతు మారుతుంది. చప్పుడు చెవుల్లో వినపడదు, ఛాతీలో కొడుతుంది. రెండు సెకన్లలో పొగ మొహానికి తగులుతుంది. ఇంట్లో ఎండుమిర్చి పోపు మాడితే ఎలా ఉంటుందో తెలుసుగా? దానికి పదింతలు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారతాయి, గొంతు పట్టేస్తుంది. పక్కన అరవై ఏళ్ల పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. చిన్నపిల్లాడు చెవులకి పెద్ద మఫ్స్ పెట్టుకుని నాన్న భుజం మీద గెంతుతున్నాడు. మావాడు దగ్గుతూ దగ్గుతూ, "ఇంకోసారి ఎప్పుడన్నా?" అన్నాడు.

ప్రతి బోల్టుకీ ఒక కథ

పిట్స్‌లో ఊరికే తిరిగితే బళ్లు కనిపిస్తాయి. కాస్త అడిగితే చరిత్ర కనిపిస్తుంది.

ఇంజిన్ డ్రైవర్ వెనక ఎందుకుంది? ఒకప్పుడు ముందే ఉండేది. 1970లో కాలిఫోర్నియాలో డాన్ గార్లిట్స్ బండికి ట్రాన్స్‌మిషన్ అతని కాళ్ల మధ్యే పేలింది. కుడి పాదంలో కొంత భాగం పోయింది. కోలుకున్నాక ఇంజిన్‌ని వెనక్కి జరిపి కొత్త బండి కట్టాడు. 1971లో దానితోనే గెలవడం మొదలుపెట్టాడు. కొన్నేళ్లకే అందరూ అదే దారి పట్టారు.

డ్రైవర్ తల చుట్టూ అంత మందంగా మెత్తలు ఎందుకు? 2007 మార్చిలో ఎరిక్ మెడ్లెన్ అనే కుర్రాడు టెస్టింగ్‌లో టైర్ విపరీతంగా వణికి, తలకి దెబ్బలు తగిలి చనిపోయాడు. ఆ తర్వాతే డ్రైవర్ చుట్టూ ఉండే ఇనుప పంజరాన్ని వెడల్పు చేసి మెత్తలు పెంచారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అతని టీమ్ యజమాని జాన్ ఫోర్స్ బండి ఇదే ఎనిస్ ట్రాక్ మీద విరిగిపోయింది. కాళ్లకీ చేతులకీ తీవ్రమైన గాయాలు. అప్పటికి ఆయనకి 58 ఏళ్లు. మరుసటి ఏడాది తిరిగొచ్చాడు, 2010లో మళ్లీ చాంపియన్ అయ్యాడు. మొత్తం పదహారు టైటిళ్లు.

పావు మైలు పోయి వెయ్యి అడుగులు ఎందుకయ్యాయి? 2008 జూన్‌లో న్యూజెర్సీలో స్కాట్ కలిట్టా బండి ఆగలేక ట్రాక్ చివర దాటిపోయి ఆయన చనిపోయాడు. కొద్దిరోజులకే నైట్రో బళ్లకి దూరం తగ్గించారు. ఆగడానికి ఇంకో 320 అడుగులు మిగిలేలా.

ఇవన్నీ చెప్తుంటే మావాడు ఒక బండి వెనక వేలాడుతున్న పారాచూట్ సంచుల్ని చూస్తూ నిలబడ్డాడు. "వెళ్లడానికి కన్నా ఆగడానికే ఎక్కువ సామాను పెట్టుకున్నార్రా వీళ్లు" అన్నాను. వాడు ఏమీ అనలేదు.

మూల మీద పాత కమారో

పెద్ద టీముల ట్రక్కులు దాటి వెనక్కి నడిస్తే ఇంకో లోకం. స్పోర్ట్స్‌మన్ పిట్స్. ఇక్కడ స్పాన్సర్లు లేరు, షామియానాల్లేవు. పికప్ ట్రక్కు, దాని వెనక ట్రైలర్, పక్కన మడత కుర్చీలు, గ్రిల్ మీద సాసేజ్‌లు. వారమంతా ఉద్యోగం చేసుకుని, సెలవు పెట్టి వచ్చే మామూలు మనుషులు.

ఒక మూల 1969 కమారో దగ్గర ఆగాం. యజమాని ఓక్లహామా నుంచి వచ్చిన రిటైర్డ్ ఎలక్ట్రీషియన్. కారు అద్దం మీద తెల్లటి షూ పాలిష్‌తో 10.62 అని రాసుంది. ఆయన భార్య కుర్చీలో కూర్చుని గాలిలో వేడి, తేమ ఎంతుందో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటోంది.

ఆ నంబరేంటని మావాడు అడిగాడు. పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. ఈ క్లాసులో నీ బండి ఎన్ని సెకన్లలో వెళ్తుందో ముందే రాసివ్వాలి. అవతలివాడు 12.62 అని రాస్తే వాడికి రెండు సెకన్లు ముందుగా పచ్చ లైటు వెలుగుతుంది. కాబట్టి స్లో బండి కూడా గెలవొచ్చు. అసలు మెలిక ఇంకోటుంది. రాసిన టైమ్ కన్నా వేగంగా వెళ్తే ఓడిపోయినట్టే.

"ఫాస్ట్‌గా వెళ్తే ఓడిపోతామా?" మావాడికి నమ్మకం కుదరలేదు.

"నీ బండి సంగతి నీకు తెలియదని అర్థం కదా మరి" అన్నాడాయన.

మాటల్లో మస్టాంగ్ సంగతి వచ్చింది. మావాడు గర్వంగా హైవే మీద ఎంత స్పీడు లాగాడో చెప్పాడు. పెద్దాయన తిట్టలేదు. "పావు మైలు ఎన్ని సెకన్లు?" అని అడిగాడు. మావాడికి తెలీదు. "అరవై అడుగులకి ఎంత? లైటు పడ్డాక నువ్వు కదలడానికి ఎంత పట్టింది?" అదీ తెలీదు.

ఆయన జేబులోంచి ఒక చీటీ తీశాడు. టైమ్ స్లిప్. ప్రతి పరుగు తర్వాతా ఇస్తారు. సెకనులో వెయ్యో వంతు దాకా లెక్క ఉంటుంది. "నలభై ఏళ్లుగా ఇలాంటివి అట్టపెట్టెల నిండా దాచుకున్నా. హైవే నీకు చీటీ ఇవ్వదు బాబూ" అన్నాడు. తర్వాత ట్రాక్ వైపు చూపించాడు. స్టార్టింగ్ లైన్ వెనక అగ్నిమాపక బండి, అంబులెన్సు, మంటల్లోకి దూకడానికి సూట్లు వేసుకుని నిలబడ్డ మనుషులు. "నువ్వు రేస్ చేసే రోడ్డు మీద వీళ్లెక్కడ ఉంటారు?"

నేను నెల రోజులుగా అనాలనుకుని అనలేకపోయిన మాట అది.

నిజానికి ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పుట్టిందే ఈ ప్రశ్నలోంచి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత కార్లను ముస్తాబు చేసి వీధుల్లో పోటీలు పడేవారు. వాళ్లని రోడ్ల మీద నుంచి తప్పించి, ఖాళీగా ఉన్న రన్‌వేల మీదికి, నిబంధనల కిందకి తేవాలని వాలీ పార్క్స్ 1951లో ఈ సంస్థ పెట్టాడు. ఈ రోజుకీ గెలిచినవాళ్లకి ఇచ్చే ట్రోఫీని వాలీ అనే పిలుస్తారు.

సాయంత్రం మూడున్నర సెకన్లు

వెలుతురు తగ్గుతుంటే స్టాండ్స్‌లోకి వెళ్లాం. పొద్దున మేం చూసిన బండే లైన్ మీదికొచ్చింది. ముందు టైర్లు గిర్రున తిప్పి పొగ లేపి వేడి చేశారు. తర్వాత రెండు బళ్లూ మెల్లగా గీత దగ్గరికి జరిగాయి. మూడు పసుపు లైట్లు ఒకేసారి వెలిగాయి. సెకనులో పదింట నాలుగు వంతుల తర్వాత పచ్చ.

ఆ తర్వాత జరిగింది చూశానని చెప్పలేను. ఒంటికి తగిలింది. పైపుల్లోంచి తెల్లటి మంటలు మనిషెత్తు లేచాయి. స్టాండ్ ఇనుము కాళ్ల కింద వణికింది. తల తిప్పేసరికి అవతలి చివర పారాచూట్లు విచ్చుకుని ఉన్నాయి. సెకను లోపే వంద మైళ్ల వేగం, గీత దాటేసరికి 330 మైళ్లు, అంటే గంటకి 530 కిలోమీటర్లు. 2022లో బ్రిట్నీ ఫోర్స్ 338 మైళ్లు దాటించింది. పైన చెప్పిన జాన్ ఫోర్స్ కూతురే. ఈ ఆటలో ఆడవాళ్లకి వేరే పోటీ లేదు. షర్లీ మల్డౌనీ 1977లోనే మగవాళ్లందర్నీ ఓడించి టాప్ ఫ్యూయల్ చాంపియన్ అయింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు గెలిచింది.

మావాడు ఇయర్ ప్లగ్స్ తీసి, "అన్నా, ఆ క్లచ్ విప్పిన అమ్మాయి ఇప్పుడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి కదా" అన్నాడు. నాకు ఆ రోజంతటికీ నచ్చిన మాట అదే. మూడున్నర సెకన్ల వెనక ఉన్న గంట వాడికి కనిపించింది.

వెళ్లాలనుకుంటే

ఎనిస్‌లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పోటీలు మామూలుగా అక్టోబర్‌లో జరుగుతాయి. ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి, పిల్లలకైతే మఫ్స్. చప్పుడు 150 డెసిబెల్స్ దాకా పోతుంది. బూట్లు వేసుకోండి, చెప్పులొద్దు. ట్రాక్‌కి పూసే జిగురుకి అరికాలు అతుక్కుపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు వార్మప్‌కి దూరంగా ఉండండి. డ్రైవర్లు తాడు దగ్గరికొచ్చి హీరో కార్డుల మీద సంతకాలు పెడతారు, మొహమాటపడకుండా అడగండి. పని జోరుగా సాగుతున్నప్పుడు మాత్రం పలకరించొద్దు.

మనదేశంలో ఉన్నవాళ్లకి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో బైకుల డ్రాగ్ రేసులు జరుగుతాయి. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అర్ధరాత్రి బైకులు లాగి పోలీసులకి దొరికినవాళ్ల వార్తలు చదువుతూనే ఉంటాం. వాళ్లలో చాలామందికి ఇలాంటి చోటొకటి ఉందని కూడా తెలిసుండదు.

అమెరికాలో చదువుకుంటున్న తమ్ముళ్లకి ఇంకో మాట. టెక్సస్‌లో రోడ్డు మీద రేస్ చేసి మొదటిసారి దొరికినా 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. వీసా ఫారంలో అరెస్టుల గురించి అడిగే ప్రశ్న ఎప్పటికీ పోదు. అదే చాలా డ్రాగ్ స్ట్రిప్‌లు మామూలు రోజుల్లో ఎవరి కారు వాళ్లు తెచ్చి నడుపుకోవడానికి సాయంత్రాలు కేటాయిస్తాయి. కారుని తనిఖీ చేస్తారు, హెల్మెట్ పెట్టిస్తారు, కొద్దిపాటి ఫీజు తీసుకుంటారు.

14.31

మావాడు మూడు వారాల తర్వాత అలాంటి ఒక సాయంత్రం వెళ్లొచ్చాడు. నాకు చెప్పకుండానే. లైటు పడ్డాక నిద్రపోయినట్టు ఆలస్యంగా కదిలాడట. పక్క లేన్‌లో పాత పికప్ నడిపిన స్కూల్ టీచర్ చేతిలో ఓడిపోయాడట. మామూలుగా ఓడితే మొహం మాడ్చుకునేవాడు ఆ రాత్రి ఫోన్‌లో గంటసేపు ఆ ఆలస్యం గురించే మాట్లాడాడు.

టైమ్ స్లిప్ ఫోటో తీసి వాళ్లమ్మకీ పంపాడు. పావు మైలు, 14.31. పిన్ని దాన్ని పెద్దది చేసి చూసి, వెంటనే నాకు ఫోన్ చేసింది.

"ఏం పరీక్షరా అది? మరీ పద్నాలుగు మార్కులే వచ్చాయి?"

"తక్కువ వస్తేనే మంచిది పిన్నీ" అన్నాను.